చుట్ట పొగాకు విత్తనం: జాడీలో దాస్తే సరిపోతుందా?

పొగాకు గింజను ఆవగింజ పక్కన పెడితే నలుసులా కనిపిస్తుంది. గ్రాముకు 10 వేల నుంచి 12 వేల గింజలు తూగుతాయి. ఒక మొక్కను తల తుంచకుండా పూతకు వదిలితే వంద కాయలు సులభంగా కాస్తుంది. కాయకు దాదాపు రెండు వేల గింజలు. అంటే ఒక్క మొక్క మీద రెండు లక్షల గింజలు, బరువు చూస్తే 20 గ్రాములు దాటవు. మీటరు సాళ్లలో 60 సెంటీమీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 6,700 మొక్కలు పడతాయి. గింజల్లో సగం మొలవకపోయినా, మొలిచినవాటిలో సగం నారుమడిలోనే పోయినా, ఆ ఒక్క మొక్క ఏడెకరాలకు నారు ఇస్తుంది.

చుట్టకు వాడే నాటు పొగాకు విత్తనం గురించి ఏం మాట్లాడుకోవాలన్నా ఈ లెక్క దగ్గరే మొదలుపెట్టాలి. వరికి బస్తాల విత్తనం కావాలి. అది వేల మొక్కల నుంచి వస్తుంది, అందులో నాలుగు తేడా మొక్కలున్నా పెద్దగా తెలియదు. పొగాకులో అలా కాదు. గట్టు పక్కన విత్తనానికి వదిలిన రెండు మూడు మొక్కలే మరుసటి ఏడు చేనంతా అవుతాయి. ఆ మూడింట్లో ఒక మొక్క పక్క చేలోని బర్లీ అనే మరో రకం పొగాకు పుప్పొడితో సంకరమైతే, ఆ సంకరం వచ్చే ఏడు చేనంతా చెదిరి కనిపిస్తుంది. పాత రకం ఇలా పోతున్నప్పుడు ఎవరికీ పోయినట్టు అనిపించదు. విత్తనం ఉంటుంది, పేరూ ఉంటుంది, లోపలి రకం మాత్రం మారిపోయి ఉంటుంది.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పొగాకు అనగానే సిగరెట్లకు వాడే వర్జీనియానే గుర్తొస్తుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, డీసీపల్లి అన్న ఊళ్ల పేర్లు చాలామందికి వేలం కేంద్రాల పేర్లుగానే తెలుసు. కానీ కోస్తాలో వర్జీనియా వయసు నూరేళ్లే. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ 1912లో ఏర్పడింది, వర్జీనియా సాగు గుంటూరు ప్రాంతంలో 1920లలో ఊపందుకుంది. అంతకు ముందు నుంచీ ఈ నేల మీద ఉన్నది నాటు పొగాకు. ఎండలో ఆరబెట్టి, మండెలు, అంటే ఆకుల కుప్పలు, కట్టి మగ్గబెట్టి, చుట్టకూ నమలడానికీ వాడిన పొగాకు. నాటు అన్నంత మాత్రాన ఇక్కడే పుట్టిందని కాదు. మిరప లాగే ఇదీ అమెరికా ఖండపు మొక్క, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. సుమారు నాలుగు వందల ఏళ్లుగా మన వానకూ, మన చేలకూ, ఇక్కడివాళ్ల చుట్టకూ అలవాటు పడి ఇక్కడిదైపోయింది.

వర్జీనియాకు ఒక వ్యవస్థ ఉంది. 1975 చట్టంతో 1976 జనవరి 1న పొగాకు బోర్డు వచ్చింది. రైతు నమోదు, సాగు పరిమితి, వేలం, అన్నీ దాని చేతిలో ఉంటాయి. ఆ చట్టం చూసేది వర్జీనియానే. నాటు పొగాకుకు వేలం ప్లాట్‌ఫాం లేదు, ఏటా ఫలానా విత్తనం ఫలానా చోట దొరుకుతుందన్న భరోసా లేదు. కొనేది వ్యాపారులు, ధర వాళ్లు చెప్పిందే. బోర్డు వేలం బయట ఉండే పొగాకు ఎంత టెన్షన్ పెడుతుందో 2025లో నల్ల బర్లీ చూపించింది. కొనేవాళ్లు వెనక్కి తగ్గి ధర పడిపోతే, చివరికి ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. పెద్ద కంపెనీలు కొనే బర్లీకే ఆ గతి పడితే, ఊళ్లో చుట్టలు చుట్టేవాళ్లు కొనే నాటు ఆకును నమ్ముకుని విత్తనం కట్టుకునే రైతు ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

అలాంటప్పుడు వర్జీనియా ఆకుతోనే చుట్ట చుట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. కుదరదు. దానికి కారణం ఆరబెట్టే పద్ధతిలో కొంత, విత్తనంలో కొంత ఉంది. వర్జీనియా ఆకును బ్యారన్ అనే మూసిన గదిలో వేడి గాలితో వారం రోజుల లోపే ఆరబెడతారు. ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారిన దశలోనే వేడి పెంచి అక్కడితో ఆపేస్తారు. అందుకే పసుపు రంగు, 15 నుంచి 20 శాతం దాకా చక్కెరలు. చుట్ట ఆకు నెమ్మదిగా ఆరాలి. తోరణాలు కట్టి వారాల తరబడి ఆరనిస్తే ఆకు తన చక్కెరను తానే తినేస్తుంది, గోధుమ రంగుకు తిరుగుతుంది. తర్వాత మండెలో వేడెక్కి, తిరగేసిన ప్రతిసారీ ఘాటైన అమ్మోనియా వాసన వదిలి, మెత్తబడుతుంది. ఇంత నానా తంటా పడినా చివరిదాకా దళసరిగా, సాగుతూ, చిరగకుండా నిలిచే ఆకు కావాలంటే మొక్కలోనే ఆ గుణం ఉండాలి. ఈనె సన్నగా ఉండాలి, నిప్పు అంటుకుంటే ఆరకూడదు, బూడిద పట్టు విడిచి రాలకూడదు. తరతరాలుగా నాటు రకాల్లో ఎంచుకున్నది ఈ గుణాలనే.

నేల పాత్రను తక్కువ చేయడానికి లేదు. పొటాష్ బాగా అందిన ఆకు చక్కగా కాలుతుంది, క్లోరైడ్ ఎక్కువైన ఆకు ఆరిపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో బోరు నీరు ఉప్పదేలితే ఎంత మంచి విత్తనమైనా చుట్టకు పనికిరాని ఆకునే ఇస్తుంది. కాబట్టి విత్తనపు చేనును ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎంపికలో భాగమే. ఉప్పు నీటి మడిలో పెరిగిన మొక్కను చూసి ఇది బాగా కాలదు అని తీసిపారేస్తే, తప్పు నీటిది, శిక్ష విత్తనానికి.

ఇక రకం ఎలా నిలుస్తుంది, ఎలా చెడుతుంది అన్నది. పొగాకు పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఉంటాయి. పుప్పొడి తిత్తులూ కీలాగ్రమూ దాదాపు ఒకే ఎత్తులో ఉండి, పువ్వు విచ్చుకునే వేళకే చాలావరకు తనలో తానే ఫలదీకరణం జరిగిపోతుంది. అందుకే పొగాకును స్వపరాగ సంపర్క పంటల్లో చేర్చారు. అయితే తేనెటీగలు ఊరుకోవు. సాధారణంగా నూటికి 4 నుంచి 10 గింజల దాకా పరాయి పుప్పొడితో ఏర్పడతాయని లెక్క. ఒక్క ఏడాదికి ఇది చిన్న సంగతే. పదేళ్లు వరసగా కాపాడకుండా వదిలేస్తే చిన్నది కాదు.

చుట్టూ వర్జీనియా ఉన్నా దాని తలలు తుంచేస్తారు కదా, పూత ఎక్కడిది అనిపించవచ్చు. నిజమే, తల తుంచిన చేలో పూత తక్కువ. అసలు చిక్కు ఆకు కొట్టాక వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో చివరి ఆకు తీశాక మోళ్లను దున్నకుండా వదిలేస్తే పిలకలు లేచి పూస్తాయి. సరిగ్గా అదే సమయానికి ఆలస్యంగా నాటిన నాటు చేలో విత్తనపు మొక్కలు పూతలో ఉంటాయి. మోళ్లను వెంటనే దున్నేయాలని పురుగులు, తెగుళ్ల కోసం చెబుతుంటారు. విత్తనం కట్టేవాళ్లకు అది రకం కాపాడుకునే పని కూడా.

సంచి కట్టడం ఒక్కటే నమ్మకమైన దారి. దూరం పెట్టి కాపాడుకుందామంటే కొండపి, కందుకూరు వైపు పొగాకు లేని చుట్టుకొలత దొరకడం కష్టం. పలచటి మల్లు గుడ్డతోనో గట్టి కాగితంతోనో సంచి కుట్టి, మొదటి పువ్వు విచ్చుకోక ముందే గుత్తికి తొడగాలి. అప్పటికే విచ్చిన పువ్వులు, పట్టిన పిందెలు ఉంటే గిల్లేయాలి. గుత్తి పెరిగేకొద్దీ సంచిని పైకి జరుపుతూ, రాలిన పూరేకులు లోపల కుళ్లకుండా రెండు మూడు రోజులకోసారి దులపాలి. శనగపచ్చ పురుగు గుడ్డు ఒక్కటి లోపల ఉండిపోయినా, పక్షుల భయం లేని ఆ సంచిలో అది కాయలన్నీ తొలిచేస్తుంది. అందుకని తొడిగే ముందు గుత్తిని వేళ్లతో వెతికి చూడాలి. గుత్తి మధ్యలో మొదట పట్టిన 50, 60 కాయలు ఉంచి చివర్లో వచ్చే పూతను తీసేస్తే గింజ బలంగా ఉంటుంది. కాయలు గోధుమ రంగుకు తిరిగాక కోసి నీడన ఆరబెట్టాలి. ఈ జిల్లాల వాతావరణం ఇక్కడ కలిసొస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పోయి, కాయ ముదిరే వేళకు గాలి పొడిగా ఉంటుంది. అకాల వాన పడితే తప్ప బూజు భయం ఉండదు.

ఎన్ని మొక్కలకు సంచులు కట్టాలి? ఒక్క మొక్క ఏడెకరాలకు సరిపోతుందన్న లెక్క మోసం చేసేది ఇక్కడే. నాటు రకం అనేది ఒక మొక్క కాదు, ఒక గుంపు. ఒక మొక్కకు ఆకుముడతను కాస్త తట్టుకునే గుణం ఉంటుంది, మరొకటి నవంబరు తుఫాను నీళ్లు నిలిచినా తేరుకుంటుంది, ఇంకొకటి వారం ముందే పూస్తుంది. అందంగా ఉన్న ఒక్క మొక్కనే విత్తనానికి ఉంచితే ఆ గుంపులోని మిగతా గుణాలన్నీ ఆ ఏడాదితో సమాప్తం. పొగాకులో తనలో తాను ఫలదీకరణం చెందడం వల్ల మొక్క నీరసించదు కాబట్టి ఈ నష్టం పైకి కనిపించదు, చేను ఇంకా ఒకే తీరుగా, చూడముచ్చటగా ఉంటుంది. కొత్త తెగులు వచ్చిన రోజున తెలుస్తుంది. కనీసం 30 నుంచి 50 మొక్కలకు సంచి కట్టి, ఒక్కోదాని నుంచి ఒక్కో చెంచా గింజలు తీసి కలిపితే గుంపు గుంపుగానే ఉంటుంది. వాటిలో మరీ బాగున్న రెండు మూడింటి విత్తనాన్ని విడిగా పొట్లం కట్టుకోవచ్చు, అది కొత్త ఎంపికకు పునాది. ఈ రెండు పనులూ వేరు. కాపాడటం అంటే గుంపును ఉన్నదున్నట్టు నిలపడం, మెరుగుపరచడం అంటే అందులోంచి ఏరుకోవడం. రెండింటికీ ఒకే పొట్లం వాడితే మెరుగుపడిన రకం రావచ్చు, పాతది మాత్రం తిరిగి రాదు.

దాచే విషయంలో తీరప్రాంతపు ఉక్క పెద్ద శత్రువు. పొడి విత్తనాలకు ఒక మోటు సూత్రం ఉంది: గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, దాచే చోటి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. బూడిద కలిపి కుండలో పెట్టి ఉట్టి మీద దాచిన పాతకాలపు పద్ధతిలో తేమ సంగతి పట్టించుకున్నారు, వేడి సంగతి వాళ్ల చేతిలో లేదు. ఇప్పుడు ఇంటింటా ఫ్రిజ్ ఉంది. కాగితం పొట్లాల్లో గింజలు పోసి, గాలి చొరని గాజు సీసాలో పెట్టి, అడుగున వేయించి చల్లార్చిన బియ్యం గుడ్డలో కట్టి వేస్తే ఆ బియ్యం తేమ లాగేస్తుంది. వారం తర్వాత బియ్యం మూట తీసేసి సీసాను ఫ్రిజ్‌లో ఉంచితే విత్తనం ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటుంది. ఏటా మొత్తం విత్తాల్సిన అవసరం తగ్గితే కల్తీ అయ్యే అవకాశమూ తగ్గుతుంది.

కల్తీ పువ్వులోనే కాదు, చేతుల మీదా జరుగుతుంది. జల్లెడ రంధ్రాల్లో, గోనెసంచి నేతలో, గోళ్ల సందులో నిలిచిన గింజలు వంద మొక్కలకు సరిపోతాయి. పాత నారుమడి మట్టిలో రాలిన గింజ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. నాటు విత్తనానికి పొగాకు వేయని కొత్త చోట మడి కట్టి, పైన చెత్త పరిచి కాల్చి, ఆ తర్వాత ఇసుకలో కలిపి చల్లడం మంచిది. గింజ మొలవడానికి వెలుతురు సాయపడుతుంది కాబట్టి లోతుగా కప్పకూడదు.

ఇంతవరకూ చెప్పింది ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం. కొత్తగా సంకరం చేసి మెరుగుపరచాలనుకుంటే క్యూబా అనుభవం తెలుసుకోవాలి. చేత్తో చుట్టే సిగార్ల పైఆకుకు అక్కడ కోరోహో అనే రకం దశాబ్దాలపాటు ప్రాణం. 1979, 80లలో నీలిబూజు తెగులు వచ్చి పంటను తుడిచిపెట్టింది. కోరోహోకు ఆ తెగులును తట్టుకునే శక్తి లేదు. తర్వాత తెగులు తట్టుకునే సంకర రకాలు వచ్చాయి, 1990లలో హవానా 2000 ఆ వరసలోదే. తెగులు తగ్గింది కానీ ఆ పైఆకు సరిగా కాలడం లేదన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. మళ్లీ కొత్త ఎంపికలు చేయాల్సి వచ్చింది. పాతదాన్ని మొండిగా పట్టుకుని ఉన్నా పంట పోయేది, కొత్తదానికి పూర్తిగా మారినా గుణం పోయింది.

మధ్యేమార్గం వెనుక సంకరం. ఉదాహరణకు మొజాయిక్ వైరస్‌ను తట్టుకునే జన్యువును శాస్త్రవేత్తలు నికోటియానా గ్లుటినోజా అనే అడవి జాతి నుంచి సాగు పొగాకులోకి తెచ్చారు. ఆ గుణం ఉన్న మొక్కతో నాటు మొక్కను కలిపితే వచ్చే పిల్లలో నాటు వాటా సగం. ఆ పిల్లను మళ్లీ నాటుతోనే కలిపితే 75 శాతం, తర్వాత 87.5, ఆపై 93.75. ఇలా ఆరుసార్లు తిరిగి కలిపితే 99 శాతం దాటుతుంది. కాగితం మీద ఇది సులువు. ప్రతి తరంలోనూ వైరస్ తట్టుకున్న మొక్కలనే ఏరాలి, అంటే ఆరేడు ఏళ్ల ఓపిక కావాలి. పైగా ఆ జన్యువును అంటుకుని అడవి జాతి క్రోమోజోము ముక్క కొంత వస్తుంది. వర్జీనియా రకాల్లో ఆ ముక్క వల్ల దిగుబడి, నాణ్యత దెబ్బతిన్నాయి. చుట్ట ఆకులో ఏం చేస్తుందన్నది చుట్ట చుట్టి చూస్తేనే తేలుతుంది. ఈ పని రైతు ఒక్కడి వల్ల అయ్యేది కాదు, పరిశోధన కేంద్రం తోడుండాలి.

ఆ తోడు మనకు దగ్గర్లోనే ఉంది. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా 1947లో రాజమండ్రిలో మొదలైన సంస్థ దగ్గర మూడు వేలకు పైగా పొగాకు నమూనాల విత్తనం ఉంది. దాని పరిశోధన కేంద్రం ఒకటి కందుకూరులో ఉంది, సిగార్, నమిలే పొగాకు కోసం తమిళనాడులోని వేదసందూరులో మరొకటి ఉంది. నాటు స్పెషల్, ప్రభాత్, లంక స్పెషల్ వంటి పేర్లు ఆ సంస్థ కృషి నుంచి వచ్చినవే. కందుకూరు కేంద్రం పని ఎక్కువగా వర్జీనియా చుట్టూ తిరగడం అర్థం చేసుకోదగ్గదే, జిల్లా ఆదాయం అందులో ఉంది. కానీ అదే కేంద్రం ఏటా ఒక చిన్న మడిలో స్థానిక నాటు గుంపులను పెంచి విత్తనం తాజా చేస్తే దానికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు.

పాత విత్తనం మీద ప్రేమ ఉన్నవాళ్లు కూడా దాటవేయకూడని సంగతి ఒకటుంది. చుట్ట క్యాన్సర్ తెస్తుంది, అది చేత్తో చుట్టినదైనా, నాటు ఆకుదైనా. ఉత్తరాంధ్రలో నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అంగిలి క్యాన్సర్లకు కారణమని వైద్యులు దశాబ్దాల క్రితమే తేల్చారు. 2003 పొగాకు చట్టం సిగరెట్‌తో పాటు చుట్టకూ వర్తిస్తుంది. విత్తనానికీ ఇందులో పాత్ర ఉంది. కొన్ని పొగాకు మొక్కల్లో ఒక జన్యువు పనిచేయడం మొదలై నికోటిన్‌ను నార్‌నికోటిన్‌గా మారుస్తుంది. ఆకు ఆరి మగ్గేటప్పుడు ఆ నార్‌నికోటిన్ నుంచి క్యాన్సర్ కారకమైన నైట్రోసమైన్ తయారవుతుంది. బర్లీలో ఇలాంటి మొక్కలు తరం తరానికీ తమంతట తామే పుట్టుకొస్తాయి, ఏరిపారేయకపోతే పెరిగిపోతాయి. అందుకే బర్లీ విత్తనం ఉత్పత్తి చేసేవాళ్లు మొక్కలను పరీక్షించి ఏరుతారు. కంటికి ఆ తేడా కనపడదు. ఇంట్లో విత్తనం కట్టుకునే రైతుకు ఈ పరీక్ష అందుబాటులో లేదు, నాటు రకాలకు అది చేసి పెట్టమని అడగడం న్యాయమైన కోరిక.

ఇంత హాని ఉన్న పంట విత్తనాన్ని కాపాడటం ఎందుకన్న ప్రశ్నకు జవాబు గింజలోనే ఉంది. పొగాకు గింజలో నికోటిన్ దాదాపు ఉండదు. నికోటిన్ తయారయ్యేది వేళ్లలో, చేరేది ఆకుల్లో. గింజలో మూడో వంతు దాకా నూనె ఉంటుంది. ఆకులోని సొలనెసాల్ అనే పదార్థం మందుల తయారీకి పనికొస్తుంది. మొక్కల జీవశాస్త్రంలో పొగాకు మీద జరిగినన్ని ప్రయోగాలు చాలా తక్కువ మొక్కల మీద జరిగాయి. రేపు చుట్ట తాగేవాళ్లు లేకపోయినా నాలుగు వందల ఏళ్లు ఈ మెట్ట చేలను తట్టుకున్న జన్యువులు పనికొస్తాయి. హక్కు సంగతీ తెలిసి ఉండాలి. మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 2001 ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు.

ఒంగోలు గిత్త గురించి ఈ జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లిన పశువులు నెలోర్ పేరుతో ఆ దేశపు మందలను నింపాయి. ఇక్కడ దుక్కి ట్రాక్టరు చేతికి పోయాక గిత్త పలచబడింది. పశువుకు పని ఉన్నచోట జాతి పెరిగింది. చుట్ట పొగాకుకు ఆ పని చుట్ట చుట్టేవాళ్ల వేళ్ల దగ్గర ఉంది. ఆకును తడిపి, ఈనె చీల్చి, అరచేతిలో సాగదీసి చూసి ఇది పైఆకుకు వస్తుందో లోపలి పొడికి పోతుందో వాళ్లు క్షణంలో చెబుతారు. ఏ మొక్కకు సంచి కట్టాలో తేల్చే పరీక్ష అదే. కాబట్టి మొక్క మొక్కకూ నంబరు కట్టి, ఆ నంబరు ఆకును విడిగా ఆరబెట్టి, చుట్టేవాళ్ల చేతికి ఇచ్చి వాళ్ల మాట రాసుకోవాలి. చుట్టేవాళ్లలో చాలామంది పెద్దవయసువాళ్లు. వాళ్ల పిల్లలు ఆ పని చేయడం లేదు, చేయాలని కోరడమూ సరి కాదు. అందుకే రాసుకోవడం ఈ ఏడే మొదలవ్వాలి.

సీసాలో పొట్లంతో పాటు పెట్టే చీటీ మీద ఉండాల్సినవి ఎక్కువేమీ లేవు. ఊరు పేరు, చేను పేరు, ఎర్రనేలో నల్లరేగడో, నారు పోసిన నెల, నాటిన రోజు, పూతకొచ్చిన రోజు, ఎన్ని మొక్కలకు సంచి కట్టారు, ఆకుల సంఖ్య, పువ్వు రంగు, చుట్ట ఎలా కాలింది, బూడిద తెల్లగా ఉందా నల్లగా ఉందా, చుట్టినవాళ్లు ఏమన్నారు. ఒక పొట్లం ఇంట్లో, ఒకటి మరో ఊళ్లో చుట్టాల ఇంట్లో, ఒకటి కందుకూరు కేంద్రానికి. మూడింట్లోనూ అదే చీటీ.